నీ మిగ్ విమానానికి సీటొచ్చింది

శీను తమ్మీ,

నువ్వు పోయాక చెక్ దేశం నుంచి వచ్చిన పార్సిల్‌ని నిన్న, నీ సంవత్సరీకం నాడు విప్పాను. నువ్వు చేస్తూ వదిలేసిన బొమ్మ మిగ్ కోసం తెప్పించుకున్న రెజిన్ సీటు, ప్లాస్టిక్ లాంటిది, అందులో ఉంది. గోరంత సీటుకు బెల్టులు, బకిల్స్ కూడా ఉన్నాయి. ఇంత ముచ్చటగా ఎవరి కోసం చేశారో అని కోపమొచ్చింది.

మామూలు గమ్ రెజిన్‌కి పట్టదని నువ్వు అంటుండేవాడివి కదా, అందుకే సూపర్ గ్లూతో అతికించాను. అమ్మ పక్కనే కూర్చుంది.

"పైన అద్దం గూడ పెట్టెయ్ బిడ్డా. దుమ్ము పడితే వాడు కోపానికొస్తడు" అంది.

పైలట్ సీటు మీద మూతలా ఉండే ఆ అద్దాన్నీ అతికించేశాను. ఆ గ్లూ ఆవిరి పోయేదాకా అద్దం మూయకూడదట. నీలాగే బొమ్మ విమానాలు చేసే నీ గద్వాల దోస్తు ఇవాళ ఫోనులో చెప్పాడు. పొద్దున చూసేసరికి అద్దం లోపలంతా తెల్లగా పొగ పట్టింది. సీటు కనిపించడం లేదు. ఊడదీయబోతే పగిలేలా ఉంది.

అమ్మ పొద్దటి నుంచి కొంగుతో ఆ అద్దాన్ని తుడుస్తూనే ఉంది.

"జర ఆగు, కనిపిస్తది" అంటోంది.

మసక లోపల ఉందని నేనింకా చెప్పలేదు.

అక్క