ఆవాల వాసన వచ్చే గోడ

కార్ల్స్‌రూహె, మే నెల

ఓనర్ శ్యామలాదేవి గారికి, మీ ఇంట్లో అద్దెకున్న ధీరజ్ ముందు నమస్కారం పెట్టి, ఆ తర్వాత కోపంగా రాస్తున్నది:

మేడం, వాట్సాప్‌లో రాస్తే చూడరు. మెయిల్ పెడితే "కాగితం మీద రాసి సంతకం చేసి పంపు" అంటారు. వోల్ఫ్స్‌బర్గ్‌లో కూర్చుని కార్లకు సాఫ్ట్‌వేర్ రాసే మనిషికి నేను స్టాంపు అంటించి ఉత్తరం పంపాలి. ఈ దేశం మిమ్మల్ని బాగానే తయారుచేసింది. సరే, ఇదిగో కాగితం.

"చారిత్రక ఆవాల ఫ్యాక్టరీలో విశాలమైన లాఫ్ట్" అని ప్రకటన ఇచ్చారు. జర్మన్లు సాసేజిలోకి నంజుకునే ఆవముద్ద ఒకప్పుడు ఇక్కడ తయారయ్యేదట, బాగుంది. లాఫ్ట్ అంటే ఏమిటో అప్పుడు నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది. గోడలు కట్టేలోపు డబ్బులైపోయిన ఇల్లు.

నేను ట్రామ్ డిపోలో తలుపులు బాగుచేస్తాను. క్లాస్తాల్ యూనివర్సిటీలో మాస్టర్స్ మధ్యలో వదిలేసి, ఎవరూ నేర్పకుండా, చూసి చూసి నేర్చుకున్న పని. పొద్దంతా తలుపులే. ఇంటికొస్తే ఒక్క తలుపు లేదు! మంచం పక్కన పొయ్యి, పొయ్యి పక్కన స్నానాల తొట్టి. తొట్టికి అడ్డంగా గాజు పలక, దాంట్లోంచి ఇవతలి మనిషికి అవతలి మనిషి మొత్తం కనిపిస్తాడు. మొన్న మా దోస్త్ సుమంత్ వచ్చిండు. "అన్నా, నువ్వు తానం చెయ్. నేను గోడకు మొహం పెట్టి నిలబడ్త" అన్నడు. పాపం, అట్లనే నిలబడ్డడు. ఇది ఇల్లా, బడిలో పడే శిక్షా?

నాకు ఒక చెక్క అడ్డుగోడ కావాలి. ఒక తలుపు కావాలి. బిగించడం నేనే బిగిస్తాను.

ఇట్లు,
తలుపు లేని ఇంట్లో తలుపుల మెకానిక్, ధీరజ్

తా.క.: ఒప్పందంలో "పోపు పెట్టరాదు" అని రాశారు. ఏ జర్మన్ ఓనరో రాస్తే అర్థం చేసుకునేవాణ్ణి. మీది గుంటూరు! పోపు పెట్టకుండా చేసే వస్తువుల గురించి అయితే ఏమీ రాయలేదు కదా? ఊరికే అడుగుతున్నాను.

*

వోల్ఫ్స్‌బర్గ్

చిరంజీవి ధీరజ్‌కు శ్యామలాదేవి ఆశీస్సులు, వెంటనే ఒక హెచ్చరిక.

బాబూ, లాఫ్ట్ అంటే అంతే. విశాలంగా బతకడం అలవాటు చేసుకోవాలి. ఆ ఇల్లు డెంక్‌మాల్, అంటే ప్రభుత్వం కాపాడే పాత కట్టడం. ఓనర్ని నేనే అయినా మేకు కొట్టాలంటే టెర్మిన్ అనే అపాయింట్‌మెంటు తీసుకుని ఆఫీసులో అనుమతి అడగాలి. అడ్డుగోడ మాట మరిచిపో. పోపు ఎందుకు వద్దన్నానంటే, ఆ ఇటుకలు పాతవి. వాసన పీల్చుకుంటే వదలవు. గుంటూరు దానికి అడ్డు రాదు.

ఇక అసలు విషయం. నీ పై అంతస్తులో ఉండే హెర్ బ్రెన్నెకే గారు నాకు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. ఆయన రిటైరైన చరిత్ర మాస్టారు, ఓనర్ల సంఘానికి అధ్యక్షుడు. సంఘంలో ఆయన వద్దన్న మనిషి ఆ బిల్డింగ్‌లో నిలవడు. ఆయన ఏం రాశారో తెలుసా? "మీ లాఫ్ట్ గోడల్లోంచి ఆవాల వాసన వస్తోంది. వందేళ్ళ కిందట నూరిన ఆవాలు ఇటుకల్లో ఇంకిపోయి, ఇప్పుడు మళ్ళీ ఊపిరి పీలుస్తున్నాయి."

ఆయనకు సంతోషంగానే ఉంది. నాకు మాత్రం కాళ్ళూ చేతులూ ఆడటంలేదు. ఉన్నట్టుండి గోడలోంచి వాసన ఎందుకొస్తుంది? ఎవరో గోకితే వస్తుంది! నిజం చెప్పు. మేకు కొట్టావా? డ్రిల్లు పెట్టావా? గోడను ముట్టుకున్నట్టు తేలితే ఇల్లు ఖాళీ చేయాల్సి వస్తుంది. ఇందులో మొహమాటం లేదు.

ఇట్లు,
శ్యామలాదేవి (ఓనర్)

తా.క.: కిందటిసారి ఫోన్‌లో "ఆంటీ" అన్నావు. అదీ రెండో మాటకే. నీ దగ్గర ఇంకే పరికరాలూ లేకపోయినా గోడ పగలగొట్టడానికి ఆ నోరు చాలు.

*

కార్ల్స్‌రూహె

ఓనర్ మేడం గారికి, గోడను ముట్టుకోని ధీరజ్ రాస్తున్నది:

మా అమ్మ మీద ఒట్టు, నేను మీ గోడను ముట్టుకోలేదు. మేకు కొట్టలేదు. చొక్కా తగిలించడానికి చోటు లేక కుర్చీకి తొడిగాను. ఆ కుర్చీ ఇప్పుడు నాకంటే పద్ధతిగా ఉంది.

ఆదివారం పొద్దున హెర్ బ్రెన్నెకే గారే దిగొచ్చారు. ఆ సమయానికి నేను వేరే పనిలో ఉన్నాను. ఏ పని అని అడగకండి. ఈ ఇంట్లో పనికొచ్చేది ఒక్క ఆ పెద్ద కిటికీయే, మిద్దె మీద పడినంత ఎండ పడుతుంది అక్కడ. అంతవరకే చెబుతాను.

ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. కళ్ళు మూసుకున్నారు. నేరుగా గోడ దగ్గరికి పోయి ఇటుకకు ముక్కు ఆనించారు. కాసేపటికి కళ్ళలోంచి ధారగా నీళ్ళు!

"ఏమైంది సార్, ఏడుస్తున్నరు?" అన్నాను జర్మన్‌లో.

"మా తాత ఈ ఫ్యాక్టరీలో పనిచేశాడు. ఆయన కోటు ఇదే వాసన వచ్చేది" అన్నారాయన.

ఆయన ఏడుస్తున్నది తాత కోసమో, గాల్లో ఉన్నదాని వల్లో నాకు తెలియలేదు. నా కళ్ళూ మండుతున్నాయి. నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. తుమ్ము వచ్చింది. ఆయనకూ వచ్చింది. ఇద్దరం ఒకరి చేతులొకరం పట్టుకుని తుమ్ముకున్నాం. "గెజుంట్‌హైట్" అని ఆయన, "చిరంజీవ" అని నేను. వెళ్ళేటప్పుడు నన్ను కౌగిలించుకున్నారు. నేను వచ్చినప్పట్నుంచీ ఆ మనిషి నాతో చెత్తడబ్బా రంగుల గురించి తప్ప ఇంకేదీ మాట్లాడలేదు మేడం.

ఇప్పుడు ఆయన ఆనందం చెడగొట్టమంటారా? మీరే చెప్పండి.

ఇట్లు,
చేతులు కడుక్కున్న ధీరజ్

తా.క.: మిక్సీ ఎక్కువసేపు తిప్పితే పాత బిల్డింగుల్లో ఫ్యూజు పోతుందా? ఊరికే అడుగుతున్నాను.

*

వోల్ఫ్స్‌బర్గ్, జూన్

మా మంచి ధీరజ్‌కు,

నిన్ను అనుమానించాను, మనసులో పెట్టుకోకు. నీ గోడ పేపర్లో పడింది! బ్రెన్నెకే గారే రాయించారు. "తాతల వాసన మరవని గోడ" అని హెడ్డింగు. ఫొటోలో గోడ పక్కన నువ్వు కూడా ఉన్నావు, కళ్ళు ఎర్రగా. ఎంత భక్తిగా కనిపించావో!

అది చూసి స్టుట్‌గార్ట్ నుంచి ఒక జంట ఫోన్ చేశారు. పాతకాలం ఆవముద్ద జాడీలు సేకరించడం వాళ్ళ సరదా. ఇల్లంతా జాడీలేనట. ఆ జాడీల మధ్య, ఆ వాసనలో, శేషజీవితం గడపాలని వాళ్ళ కోరిక. లాఫ్ట్ కొంటామంటున్నారు, వాళ్ళే వచ్చి ఉంటారు.

కాబట్టి బాబూ, నువ్వు ఇంకో ఇల్లు చూసుకో. కష్టమని తెలుసు. నువ్వు కుర్రాడివి, ఎక్కడైనా సర్దుకుంటావు. వాళ్ళు శనివారం ఇల్లు చూడటానికి వస్తున్నారు. అంతవరకు కిటికీ తెరవకు, గోడ తుడవకు.

ఇట్లు,
నీ మేలు కోరే శ్యామలాదేవి

తా.క.: ఇటుక వేడెక్కితే వాసన పెరుగుతుందని బ్రెన్నెకే గారు అంటున్నారు. ఎండాకాలమే అయినా హీటర్ పెట్టు.

*

కార్ల్స్‌రూహె

నా మేలు కోరే ఓనర్ గారికి,

మీ మేలు బాగా తగిలింది. వారమంతా ఇల్లు వెతికాను. ఒక చిన్న గది చూడటానికి పోతే క్యూ వీధి చివర ట్రామ్ స్టాప్ దాకా ఉంది. ట్రామ్ కోసమేమో అనుకుని ఒక ముసలాయన కూడా నిలబడ్డాడు. చివరికి గది ఆయనకే ఇచ్చారు. నాతో మాత్రం, "నీకు డిగ్రీ లేదు, షిఫ్టు డ్యూటీ, పైగా ఒక్కడివి" అని వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పారు. నాకు ఈ ఊళ్ళో ఉన్నది మీ తలుపుల్లేని కొంప ఒక్కటే. నేను తిడతాను, కానీ నాది. అది పోతే సుమంత్ హాస్టల్ గదిలో బల్ల కింద పడుకోవాలి. కొలిచి చూసుకున్నాను, కాళ్ళు బయటికొస్తాయి.

ఇక శనివారం సంగతి. మీ స్టుట్‌గార్ట్ జంట వచ్చారు. ఆమె ఒక్కో ఇటుకనూ ముక్కుతో పలకరించింది. ఆయన స్టూలెక్కి పైవరస చూశారు. వాసన లేదు. బ్రెన్నెకే గారు కంగారుపడి నేల మీద పాకుతూ కింది వరస చూశారు. అక్కడా లేదు. హీటర్ మాత్రం మీరు చెప్పినట్టే పెట్టాను. జూన్ ఎండలో అందరం చెమటలు కక్కుతూ గోడను మూచూశాం.

"నిన్నటిదాకా ఉంది!" అంటారు బ్రెన్నెకే.

"మాకు హీటర్ వాసన వస్తోంది" అంది ఆమె.

ఎందుకు లేదని నన్ను అడగకండి. గోడ మనసు గోడకే తెలియాలి.

ఇట్లు,
హీటర్ ముందు ధీరజ్

తా.క.: అందరూ వెళ్ళాక బ్రెన్నెకే గారు వెనక్కొచ్చి గోడను నిమిరి, "ఎందుకిలా చేశావు?" అని అడిగారు. నన్నే అడిగారనుకుని నాకు గుండె ఆగినంత పనైంది.

*

వోల్ఫ్స్‌బర్గ్

ధీరజ్!

నాకంతా అర్థమైంది. ఇల్లు ఖాళీ చేయమన్నానని కోపంతో గోడకు రంగు పూశావు. రంగు లేని రంగు! అలాంటిది ఒకటి ఉంటుందట, మా ఆఫీసులో చెప్పారు. వంద ఏళ్ళ వాసనను ఒక్క డబ్బాతో చంపేశావు కదా, నీకు చేతులెలా వచ్చాయి?

ఈ ఆదివారం నేనే వస్తున్నాను. మా ఆయన లక్ష్మణరావు గారు కూడా వస్తారు. ఆయన మాట్లాడరు, కానీ వస్తారు. నువ్వు డ్యూటీలో ఉంటే తాళంచెవి బ్రెన్నెకే గారికి ఇచ్చి వెళ్ళు. గోకి చూస్తాను. రంగు ఊడిందంటే నోటీసు నీ బల్ల మీదే రాసి పెట్టి వస్తాను. కాగితం, పెన్ను తెచ్చుకుంటున్నాను.

శ్యామలాదేవి

తా.క.: స్టుట్‌గార్ట్ వాళ్ళు ఇంకోసారి చూస్తామన్నారు. వాసన నెమ్మదిగా తిరిగొస్తుందేమోనని వాళ్ళ ఆశ. నీకసలు మనసుందా?

*

కార్ల్స్‌రూహె, మీరు నోటీసు రాస్తానన్న బల్ల మీద

శ్యామలాదేవి గారూ,

గోకకండి. రంగు లేదు. అది ఆవకాయ.

మే నెలలో ఆసియా షాపులోకి పచ్చిమామిడికాయలు వచ్చాయి. మొదటి రోజే పోయి తెచ్చాను. ముక్కలు తుడిచి ఆరబెట్టాను. ఆవాలు మీ చారిత్రక కిటికీ దగ్గర ఎండబెట్టాను. మిక్సీలో పిండి కొట్టాను. బ్రెన్నెకే గారు గోడకు ముక్కు ఆనించినప్పుడు ఆయన వీపు వెనక బేసిన్లో ఆవపిండి ఉంది. ఆ కన్నీళ్ళు దానివే. తాతవి కూడా కొన్ని ఉండొచ్చు. తర్వాత మా డిపోవాళ్ళు రుచి చూసి అడిగారు. సుమంత్ హాస్టల్ మొత్తం అడిగింది. ప్రతి ఆదివారం కొట్టాను. స్టుట్‌గార్ట్ వాళ్ళు వచ్చేముందు మానేశాను, జాడీలన్నీ హాస్టల్‌కు పంపి, కిటికీ బార్లా తెరిచి, గోడ దగ్గర రాత్రంతా ఫ్యాను పెట్టాను. మీ బేరం చెడగొట్టాలనే చేశాను. క్షమాపణ అడగను. ఉన్న ఒక్క కొంప పోతుంటే ఎవడైనా చేస్తాడు.

నేను ఒప్పందం తప్పలేదు. చదువుకోండి. పోపు పెట్టరాదని ఉంది. మా ఇంట్లో ఆవకాయకు పోపు పెట్టరు. పచ్చి నూనే.

నోటీసు రాస్తే రాయండి. కానీ కారణం దగ్గర "ఆవకాయ" అని మీ చేత్తో రాసి, గుంటూరు మనిషిగా కింద సంతకం పెట్టండి. నేను అది ఫ్రేము కట్టించుకుంటాను. తగిలించడానికి మేకు ఎలాగూ లేదు, చేత్తో పట్టుకుని తిరుగుతాను.

ధీరజ్

తా.క.: జాడీలు వెనక్కి వచ్చాయి, సింకు కింద ఉన్నాయి. చూడటం మీ ఇష్టం. తడి చెంచా పెట్టారో, ఓనర్ అని చూడను.

*

వోల్ఫ్స్‌బర్గ్

ధీరజ్‌కు శ్యామలాదేవి రాస్తున్నది, నోటీసు కోసం తెచ్చిన కాగితం మీదే:

నీ ఉత్తరం నిలబడే చదివాను. ఒళ్ళు మండిపోయింది. ఒక పచ్చడి జాడీ నన్నూ, సంఘాన్నీ, పేపరువాళ్ళనూ ఇంత ఆట ఆడించిందా అని పెన్ను తీశాను. "విషయం" అని రాశాను. ఈలోగా వెనకాల మూత తీసిన చప్పుడు. మా ఆయన! పొడి చెంచాతోనే, భయపడకు. వోల్ఫ్స్‌బర్గ్ నుంచి ఒక్క మాట మాట్లాడని మనిషి, "శ్యామలా, అన్నం ఏదీ?" అన్నారు.

నీ కుక్కర్లో ఉంది. నోటీసు కాగితం పక్కకు జరిపి, ఇద్దరం కలుపుకుని తిన్నాం. ఇన్నేళ్ళలో నేను షాపు సీసాలే కొన్నాను బాబూ. ఆఫీసు కోటుకు వాసన పడుతుందని నా ఇంట్లో నేనే ఆవాలు కొట్టలేదు. నీకు రాసిన రూలు ముందు నా వంటింటికి రాసుకున్నదే.

నోట్లో ముద్ద ఉండగానే బ్రెన్నెకే గారు లోపలికొచ్చారు, చేతిలో సుత్తి! వాసన ఎక్కడ దాక్కుందో కనుక్కుంటానని మూల కొట్టారు. మేకు కొట్టకూడని గోడ అది! పెచ్చు ఊడింది. వెనకాల రాతి తొట్టి, గోడకు ఇనప కడియం. ఆయన నేల మీద కూలబడ్డారు. "ఫ్రావ్ శ్యామలా, ఇక్కడ ఎన్నడూ ఆవాలు నూరలేదు. అది పక్క బిల్డింగు. ఇది ఫ్యాక్టరీ బళ్ళు లాగే గుర్రాల కొట్టం!"

సంగతి తెలిసి స్టుట్‌గార్ట్ జంట ఆ సాయంత్రమే పక్క బిల్డింగుకు బేరం పెట్టారు. అక్కడ ఆవాల వాసన రావడంలేదని బాధపడుతున్నారట. నా బేరం పోయింది. నువ్వు ఖాళీ చేయక్కర్లేదు. ఆయనకు నిజం చెబుదామనే అనుకున్నాను. కానీ ఆయన తొట్టి మీద వాలి గట్టిగా పీల్చి, "గుర్రం! వందేళ్ళ గుర్రం!" అని మళ్ళీ ఏడ్చారు. ఆ వాసన పక్కనే ఉన్న నీ డిపో బూట్లదని నాకు తెలుసు. చెప్పలేకపోయాను. ఆ సుత్తి సంగతి నేను డెంక్‌మాల్ ఆఫీసులో చెప్పను, నీ వంట సంగతి ఆయన సంఘంలో ఎత్తరు. అంతవరకు మాట తీసుకున్నాను.

ఇట్లు,
ఒక జాడీ తీసుకెళ్ళిన శ్యామలాదేవి

తా.క.: వచ్చే ఆదివారం పాతకాలపు గుర్రబ్బళ్ళ సంఘం వాళ్ళు నలభైమంది గోడ వాసన చూడటానికి వస్తున్నారు. బూట్లు అంతమందికి సరిపోవు. ఉలవలు పార్సిల్ పంపాను. ముందురోజే నానబెట్టి, ఉలవచారు బాగా మరిగించు. పోపు కూడా పెట్టు.