ఎన్ని భుజాల దూరం

అక్కా,

నువ్వు పోయి నేటికి ఏడాది. ఇంట్లో అమ్మ నీ ఫొటోకు దండ వేస్తూ ఉంటుంది. నేను మాత్రం మన్ననూరులో ఉన్నాను, నువ్వు నర్సుగా తిరిగిన అడవిలోనే. నువ్వు పోయాక హైదరాబాదులో ప్రజారోగ్యం చదువులో చేరాను. ఒకే జ్వరం వచ్చినా ఒకరు బతికి, ఇంకొకరు ఎందుకు చనిపోతారో తెలుసుకోవాలని మమ్మల్ని ఇక్కడికి సర్వేకి పంపారు.

గూడెంలో ఒక అవ్వను దవాఖాన ఎన్ని కిలోమీటర్లని అడిగాను. ఆమె నా మొహంలోకి చూసింది.

“నువ్వు నర్సమ్మ చెల్లెవు కదా. కిలోమీటర్లు మాకేం తెల్వవు బిడ్డా. జబ్బు మనిషిని మంచం మీద మోసేటోళ్లు ఏడుసార్లు భుజం మార్చుకుంటే తారురోడ్డు వస్తది. వానకాలమైతే పదిసార్లు. మీ అక్క ఎన్ని భుజాలని అడుగుతుండె.”

నాకు ఒళ్లు మండింది. చిన్నప్పటి నుంచీ ఇంతే. జడ నీదే బాగుండేది, పప్పు నీ చేతిదే రుచి. కనీసం ఈ చదువైనా నాకొక్కదానికే ఉందనుకున్నాను. ఇన్ని నెలలుగా లావు పుస్తకాలు తిరగేసినా నాకు తట్టని ప్రశ్నను నువ్వు మంచం వెంట నడుస్తూ నేర్చుకున్నావు.

కాగితం మీద ‘కిలోమీటర్లు’ కొట్టేసి ‘భుజాలు’ అని రాశాను. మిగిలిన ఇళ్లన్నిటిలో అదే అడిగాను. సాయంత్రం మా సార్ ఆ కాగితాలను రెండుసార్లు చదివి, ఈ ఆలోచన ఎవరిదని అడిగారు.

నాదేనన్నాను. కాదని చెప్పడానికైనా ఒకసారి రా అక్కా.