మబ్బులో పడిన గోల్

ప్రియమైన దావీదన్నయ్యకు,

ప్రభువు పేరిట వందనాలు చెప్పి నీ చెల్లెలు కెజియా రాసేది. నేనిక్కడ బాగున్నాను. అక్కడ నువ్వూ వదినా అమ్మా కులాసాగా ఉన్నారని తలుస్తున్నాను. అమ్మ షుగరు మాత్రలు వేళకి వేసుకుంటోందా? చేలో పత్తి పూతకొచ్చిందా? మిరప నారు నాటేశారా? ఫోనులో అడిగితే "ఆ, అన్నీ బానే ఉన్నాయిలే" అని ఒక్క ముక్కలో తేల్చేస్తావు. అందుకే కాగితం మీద అడుగుతున్నాను. నేను చెప్పాల్సింది కూడా ఒకటి ఫోనులో నోరు రాక ఆగిపోయింది.

మేఘాలయ కొండల్లోని ఈ ఊరికి వచ్చి ఏడు నెలలైంది. వానలు మొదలయ్యాక ఎండ మొహం చూసిన రోజులు తక్కువ. మబ్బు కిటికీలోంచి గదిలోకి వస్తుంది. నిజంగా వస్తుంది అన్నయ్యా. మంచం మీద కూర్చుని చూస్తుంటే మెల్లగా నడిచి తలుపు దాకా వెళ్ళి అక్కడ ఆగుతుంది. పొద్దున్నే మెలకువ వచ్చీ రానప్పుడు ఎక్కడున్నానో తెలియదు. బయటంతా తెల్లగా ఉంటే, ఇంకా ఏరని పత్తిచేను మధ్య పడుకున్నానేమో అనిపిస్తుంది. నువ్వు పిలుస్తావేమోనని చెవి పెట్టి వింటాను. ఇంతలో చర్చి గంట మోగుతుంది. అది మన చర్చి గంట కాదు.

తిండికేమీ లోటు లేదు, అమ్మతో చెప్పు. మూడు పూటలా అన్నమే. కారం మాత్రం ఉండదు. నేను తెచ్చుకున్న కారప్పొడి మా జట్టు అమ్మాయిలు వేలితో అద్దుకుని నాకి, కళ్ళ నీళ్ళు తుడుచుకుని, మళ్ళీ చెయ్యి చాపుతారు. సీసా అడుగంటింది. వీలైతే కాస్త పార్సిల్ చెయ్యి.

ఇక అసలు సంగతి. కిందటి నెల నువ్వు ఫోన్ చేసి, "ఏమే, చీమకుర్తిలో మా మేస్త్రి సెలవిస్తానన్నాడే. పధ్నాలుగేళ్ళ నుంచీ క్లబ్బుల్లో ఫుట్‌బాల్ ఆడతన్నావు, ఒక్కసారి కూడా కళ్ళారా చూళ్ళేదు. మ్యాచ్ ఎప్పుడో చెప్పు, రైలెక్కి వచ్చేస్తా" అన్నావు. నేను సరే అన్నాను. అప్పటికే నేను ఆడటం మానేశాను అన్నయ్యా.

ఇక్కడికొచ్చిన రెండో నెలలో, ప్రాక్టీసులో ఎడమ మోకాలు మళ్ళీ తిరిగింది. కేరళలో ఆడేటప్పుడు ఆపరేషన్ చేశారే, అదే కాలు. "నడకకి ఢోకా లేదు. ఆట మాత్రం ఇక చాలించమ్మా" అన్నాడు డాక్టరు. మా కోచ్ రీటా మేడం పెద్దావిడ, మాటలు తక్కువ. "ఇంటికి పోతావా, నా పక్కన నిలబడతావా?" అని అడిగింది. ఆట లేకుండా ఇంటికి రావడానికి సిగ్గేసి ఉండిపోయాను, అంతే. తర్వాత ఆమె గుండె ఆపరేషన్‌కని ఆసుపత్రిలో చేరితే జట్టంతా నా చేతికొచ్చింది. ఆటగత్తెల జాబితాలోంచి మాత్రం నా పేరు తీయనివ్వలేదు. మోకాలు కాస్త నెమ్మదించింది కదా, ఎప్పటికైనా ఓ పది నిమిషాలు దిగలేనా అని ఆశ.

మొన్న శనివారం లీగులో ఆఖరి మ్యాచ్. గెలిస్తే పై డివిజన్‌లో ఉంటాం, లేకపోతే కిందికి పోతాం. ఇంకా పది నిమిషాల ఆటే ఉంది, ఇరువైపులా గోల్ లేదు. లోయలోంచి మబ్బు లేచి గ్రౌండు మీదికి పాకుతోంది. మా కెప్టెన్ ఐబన్ గ్రౌండు అంచు గీత దగ్గర నిలబడ్డ నా వైపు పరిగెత్తుకొచ్చింది.

"సిస్టర్, మీరు దిగండి. మీరొస్తే గెలుస్తాం."

బూట్లు వేసుకునే ఉన్నాను. ఇప్పుడు దిగితే అన్నయ్యకి అబద్ధం చెప్పినట్టు కాదు కదా అనుకున్నాను. గీత మీదికి కాలు వేశాను కూడా. అక్కడ నిలబడి తలెత్తేసరికి గ్రౌండంతా నిదానంగా, నీళ్ళ అడుగున ఉన్నట్టు కదులుతోంది. ఇన్నేళ్ళూ నాకు బంతీ, ఎదురుగా ఉన్న మనిషీ తప్ప ఏమీ కనబడేవి కావు. ఆ క్షణాన అందరూ కనిపించారు. ఎవరు అలిసిపోయారో, ఎవరు భయపడుతున్నారో తెలిసింది. కుడిపక్కన అవతలి డిఫెండరు నడుం మీద చేతులేసుకుని రొప్పుతోంది. ఆమె వెనక చోటంతా ఖాళీ.

"నేను దిగను. నువ్వు కుడిపక్కకి వెళ్ళు. ఆ అమ్మాయి వెనక్కి పరిగెత్తు," అన్నాను.

"నేనెప్పుడూ అటు ఆడలేదు సిస్టర్!"

"ఇవాళ ఆడు."

వెళ్ళింది. మబ్బు ఆమెను మింగేసింది. ఆ తర్వాత నాకు చప్పుళ్ళే. నీళ్ళలో బూట్లు పడుతున్న చప్పుడు. ఎవరో ఐబన్ పేరు అరిచారు. కాలికి బంతి సరిగ్గా తగిలిన చప్పుడొకటి వినిపించింది, అది నాకు బాగా తెలుసు. కాసేపు ఏమీ లేదు. అప్పుడు అవతలి కొండ మెట్ల మీద కూర్చున్న జనం ఒక్కసారిగా హోరెత్తారు.

గోల్ నేను చూడలేదు. తెల్లటి మబ్బులోంచి అమ్మాయిలు బురద ఒళ్ళతో ఒక్కొక్కరే బయటికొచ్చి నా మీద పడ్డారు. ఏడ్చాను. గెలిచినందుకో, ఆడని ఆ పది నిమిషాలకో తెలియదు. మ్యాచ్ అయ్యాక బూట్లు విప్పి తడి గడ్డిలో పాదాలు పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. ఒళ్ళంతా తేలిగ్గా ఉంది.

రీటా మేడం ఆసుపత్రి నుంచి ఫోన్ చేసింది. "గోల్ ఎలా పడింది?"

"చూడలేదు మేడం."

ఆమె నవ్వింది. "అయితే కోచ్‌వి అయిపోయావులే."

ఆవిడ ఇక గ్రౌండుకి రాదట. జట్టుని ఇక నన్నే చూసుకోమంది. ఒప్పుకున్నాను.

కోప్పడకు అన్నయ్యా. అద్దంకిలో కాలేజీ జట్టు వదిలేసి రాళ్ళు కోసే పనికి పోతూ, "నా బదులు నువ్వు ఆడవే" అన్నావు. ఆ ఆట ఆగిపోయిందని నీకెలా చెప్పను? అయినా కొత్త లీగు మొదలవగానే నువ్వు రా. సెలవు వదులుకోకు. నేను ఆడటం చూడలేవు గానీ బెంచీ మీద నా పక్కన కూర్చుందువుగాని. నీకు కనిపించేవి నాకు చెబుదువుగాని.

పాస్టరుగారికీ, పెద్దమ్మకీ, మన వీధిలో అడిగినవాళ్ళందరికీ నా వందనాలు. వదినకి నా ముద్దులు.

ఈ ఉత్తరం అమ్మకి నువ్వే చదివి వినిపించు. రోజూ పొద్దున నా మోకాలి కోసం ప్రార్థన చేస్తోందని వదిన చెప్పింది. ఇక నా ఒక్కదాని కోసం చేస్తే సరిపోదని చెప్పు. ఇప్పుడు నా చేతిలో ఇరవై ఇద్దరు ఆడపిల్లలున్నారు, నలభై నాలుగు మోకాళ్ళు. అన్నిటికీ కలిపి చెయ్యమను.

మీ అందరి దీవెనలు కోరుకునే
నీ చెల్లి
కెజియా