గోడ మీద నాలుగో వరస

పంజాగుట్ట,
బుధవారం.

చిరంజీవి సౌభాగ్యవతి మంజూషకు,

అమ్మ దీవించి రాసేది. మేమిద్దరం ఇక్కడ బాగానే ఉన్నాం. పుణెలో నువ్వు, తారక్, బాబు, మీ అత్తగారు కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్ ఎత్తితే నీ పక్కన ఎప్పుడూ ఆవిడే ఉంటారు, పైగా నువ్వు స్పీకర్‌లో పెడతావు. అందుకే నువ్వడిగిన టైల్స్ పెట్టెలో ఈ కాగితం కూడా పెడుతున్నాను. నువ్వొక్కదానివే చదువు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నాన్నగారి మోకాలు నయం. సోమాజిగూడ డాక్టరు రోజూ నడవమన్నాడు. ఈయన మన షాపు నుంచి మైత్రీవనం ముందున్న టీ బండి దాకా వెళ్లొచ్చి, అదే నడక అంటున్నారు. షాపులో పని బాగుంది. పెళ్లిరోజులకు, గృహప్రవేశాలకు టైల్స్ మీద ఫోటోలు వేయించుకునేవాళ్లు పెరిగారు. మీ అత్తగారు పంపిన గోంగూర పచ్చడి ఎలా ఉందని రెండుసార్లు అడిగావు. బాగుంది. ఉప్పు కాస్త ఎక్కువ. మీ నాన్న మాత్రం సీసా అడుగు గీకి మరీ తిన్నారు.

ఇక బాబు మాటల సంగతి. మొదటి మాట ‘బామ్మ’ అన్నాడని రాశావు. ఆ వీడియో నేనూ చూశాను. వాడు “బ్బ, బ్బ” అన్నాడు. అది బంతి కావచ్చు, బస్సు కావచ్చు, బువ్వ కావచ్చు. మీరంతా కలిసి బామ్మ అని తేల్చేశారు. నిన్ను కన్నది నేను, నీ బిడ్డ నోట పడ్డ పేరు ఆవిడది. రోజూ ఎత్తుకునేవాళ్లకే ఆ మాట దక్కుతుందని తెలుసు. తెలిసినా కడుపు మండింది.

ఫోటో విషయానికొస్తాను. అన్నప్రాసన నాడు మీ హాల్లో తీసిన ఫోటోను టైల్స్ మీద వేసి పంపమన్నావు. ముఖాలు పెద్దగా ఉండాలి, బాబు వేలు పెట్టి ఒక్కొక్కరినీ గుర్తుపట్టాలి అన్నావు. ఆ మాటకు మురిసిపోయాను. ఏడాదికోసారి కనిపించే అమ్మమ్మ గోడ మీదైనా వాడికి రోజూ కనిపిస్తుంది కదా అని. ఆ తర్వాతి వాక్యం చదివాను. గోడ మీద అడ్డంగా మూడు, నిలువుగా రెండు టైల్స్‌కే చోటుందట. పక్కన మీ అత్తగారు బహుమతిగా ఇచ్చిన గడియారం ఉందట.

వాట్సాప్‌లో వచ్చిన ఫోటో మసకగా ఉంది, అందుకే మెయిల్‌లో మళ్లీ పంపమన్నాను. కంప్యూటర్‌లో పెద్దది చేసి చూశాను. ఎడమవైపు తారక్, పక్కన నువ్వు. నీ పక్కన బాబును చంకనెత్తుకుని, కంచిపట్టు చీరలో నవ్వుతూ మీ అత్తగారు. చిట్టచివర గుమ్మం పక్కన పాయసం గిన్నెతో నేను, పిలవని పేరంటానికి వచ్చినదానిలా.

మా పనిలో ఒక నియమం ఉంది. బొమ్మను టైల్స్‌గా విడగొట్టేటప్పుడు రెండు టైల్స్ కలిసే జాయింటు గీత ఎవరి ముఖం మీదా పడకూడదు. మీ ఫోటో వెడల్పు ఎక్కువ, మూడింట్లో పట్టదు. చిన్నది చేస్తే ముఖాలు గోలీకాయలంత అవుతాయి. కాబట్టి ఒక పక్క కొంత కొయ్యాలి. కుడివైపు కోస్తే నేను సగం పోతాను. ఎడమవైపు, తారక్ వెనకాల ఉన్న ఖాళీ గోడ కోస్తే నేను మిగులుతాను గానీ, గీత సరిగ్గా మీ అత్తగారి ముక్కు మీదుగా దిగుతుంది.

ఆ గీతను అటూ ఇటూ చాలాసేపు జరిపి, చివరికి అక్కడే ఉంచాను. టైల్స్ మీద బొమ్మ దించే ప్రెస్ మిషన్ మీద పనిచేసే నర్సింహులు చూసి, “అమ్మా, గీ మేడం మొకం మీదికెల్లి గీత పోతున్నది. జర పక్కకు జరుపుండ్రి” అన్నాడు.

“ఉండనీ, కనబడదులే” అన్నాను.

“కనబడకపోవుడేంది” అని గొణుక్కుంటూ మిషన్ వేడెక్కించాడు.

ఆరు టైల్స్ బల్ల మీద పేర్చి చూశాను. మీ అత్తగారి ముఖం రెండు ముక్కలు. నేను చివర చెక్కుచెదరకుండా ఉన్నాను. ఒక్క నిమిషం చాలా సంతోషమేసింది, మంజూ. రాయడానికి సిగ్గుగానే ఉంది.

అంతలో మీ నాన్న టీ తాగి వచ్చారు. గీత చూసి కోప్పడతారనుకున్నాను. ఆయన చూపు ఇంకెక్కడో ఆగింది. “చెల్లెమ్మగారి చెయ్యేదీ?” అన్నారు.

“బాబును ఎత్తుకుంది కదండీ.”

“అది ఒక చెయ్యి. రెండోది నీ భుజం మీద ఉండాలి. ఫోటో తీసింది నేను, నాకు తెలియదా? నేను ఫోటోకని తారక్ ఫోన్ ఎత్తగానే నువ్వు గుమ్మం అవతలికి తప్పుకుంటుంటే, ‘ఎక్కడికి వదినగారూ’ అని ఆవిడే కదా నిన్ను లోపలికి లాగింది. లేకపోతే ఇందులో నువ్వెక్కడున్నావు?”

నువ్వు పంపిన ఫోటో మళ్లీ తెరిచాను. నా జాకెట్టు భుజం మీద నాలుగు ఎర్రటి మచ్చలు. టైల్స్ కోసం ఫోటోను శుభ్రం చేసేటప్పుడు బెల్లం పాయసం మరకలనుకుని నేనే వాటిని తుడిచేశాను. ఈసారి బాగా పెద్దవి చేసి చూశాను. మరకలకు గోళ్లున్నాయి. గోరింటాకు పండిన వేళ్ల చివరలు అవి, వెనక నుంచి నా భుజాన్ని గట్టిగా పట్టుకుని ఉన్నాయి. ఆ చెయ్యి నా మీద పడినట్టు కూడా నాకు గుర్తులేదు. అప్పుడు నా కళ్లన్నీ బాబు ఎవరి చంకలో ఉన్నాడా అనే దాని మీదే ఉన్నాయి.

ఇదే నీతో చెప్పుకోవాలని ఇంతసేపూ డొంకతిరుగుడుగా రాశాను. గీత కావాలనే వేశాను. వేళ్లు తెలియక తుడిచాను. తెలియక చేసిన దానికే ఎక్కువ బాధేసింది.

మళ్లీ చేద్దామంటే నర్సింహులు, “నేను ముందుగాల్నే చెప్పిన” అంటూనే సుత్తి తెచ్చాడు. ఆ ఆరు టైల్స్ వాడితోనే పగలగొట్టించాను. వేళ్లను ఉన్నచోటే ఉంచి, అడ్డంగా మూడు కాదు, నాలుగు వరసలు వేశాను. నాలుగైతే ఎవర్నీ కొయ్యక్కర్లేదు. గీతలన్నీ మనుషుల మధ్యే దిగాయి. పెట్టెలో మొత్తం ఎనిమిది ఉంటాయి, వెనక నంబర్లు వేశాను, ఆ వరసలోనే అతికించమని మేస్త్రీకి చెప్పు.

దీంతో నా అసూయ పోయిందనుకోకు. ఆ ‘బ్బ, బ్బ’ తలుచుకుంటే ఇప్పటికీ మండుతుంది. పచ్చడిలో ఉప్పు ఎక్కువే. బాబుకు గోడ చూపించేటప్పుడు ముందు అమ్మమ్మను చూపించు. ఆ తర్వాత అమ్మమ్మ భుజం మీది వేళ్లు చూపించి, ఎవరివో చెప్పు.

నాలుగో వరసకు చోటు లేదంటావు. గడియారం తీస్తే ఉంటుంది. నువ్వు తీయకు, తారక్‌కూ చెప్పకు. మా అమ్మ అడిగిందని మీ అత్తగారినే అడుగు. గుమ్మం దగ్గరున్నదాన్ని ఫోటోలోకి జరిపిన మనిషి, గడియారాన్ని మూరెడు జరపలేరా.

ఇట్లు,
మీ అమ్మ, బాబుకు అమ్మమ్మ,
కమలకుమారి