చినమెరక బడికి తాళం: లంక పిల్లల తరఫున ఆక్షేపణ

జిల్లా విద్యాశాఖాధికారి గారి సముఖమునకు,
అమలాపురం.

అయ్యా,

విషయం: చినమెరక ప్రాథమిక పాఠశాలలో చదువుచున్న లంక పిల్లలను బడి మానివేసినవారిగా నమోదు చేసి, పాఠశాలను మూసివేయుట గురించి.

పై పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసిన నేను, వినయం అంతగా మిగలని స్థితిలో, సవినయంగా మనవి చేయునది:

1. మా పేటలోని క్రైస్తవ కుటుంబాల పిల్లలు చాలావరకు కాన్వెంటు బస్సు ఎక్కుతున్నారు. ఈ మాట దాచను. నేడు ఈ బడిని నిలబెడుతున్నది గోదావరి పాయకు అవతల, లంకలో ఉన్న చేపలవేట కుటుంబాల పిల్లలు. వారు రోజూ బంగారయ్య పడవలో వస్తారు.

2. మొన్నటి వరదకు పడవలు తిప్పరాదని రెవెన్యూ వారు రేవులో మైకు పెట్టి చెప్పించారు. బంగారయ్య పడవ కట్టేశాడు. సరిగ్గా ఆ వారంలోనే తనిఖీ అధికారి కారులో వచ్చి, ఖాళీ బల్లలు చూసి, లంక పిల్లలందరూ 'బడి మానివేసిరి' అని రాసుకుపోయారు. పడవను ఆపినది ప్రభుత్వం. పిల్లలు రాలేదని రాసినదీ ప్రభుత్వమే. మధ్యలో ఉన్న గోదావరి మాత్రం ఎవరి కంటా పడలేదు!

3. "పడవ లేదండి, వరద తీసేక వచ్చేస్తారండి" అని ఉపాధ్యాయురాలు రమణి చెప్పింది. "వచ్చాక చూద్దాంలేమ్మా" అన్నారట. వరద తీసింది. పిల్లలు వచ్చారు. తలుపుకు తాళం ఉంది. 'విలీనం చేయడమైనది' అని ఉత్తర్వు. ఎవరు చేశారు? వాక్యానికి కర్త లేడు. ముప్పయ్యేళ్లు తెలుగు చెప్పినవాడిని; అటువంటి వాక్యం వెనుక ఎవరో ఒకరు దాక్కుని ఉంటారని నాకు తెలుసు.

4. మా బడిని కలిపేసిన ఆ మరో బడికి రేవు నుంచి మెయిన్ రోడ్డు వెంట, ఇసుక లారీల మధ్య, నాలుగు కిలోమీటర్లు నడవాలి. లంకలో ఉండే పోలమ్మ తన మనుమరాలు లక్ష్మీదుర్గను పంపనంటోంది. "అంత దూరం ఎలా వదిలెయ్యనండి మేస్టారూ? నాతోపాటే రొయ్యల షెడ్డుకి తీసుకుపోతానండి" అంది. నాలుగో తరగతి పిల్ల. ఎక్కాలు తడుముకోకుండా చెబుతుంది. ఇక రొయ్యల తలలు తీస్తుంది. అప్పుడు తమ అధికారి రాసినది నిజమవుతుంది.

కావున పడవ నడిచే రోజున మళ్లీ లెక్కించవలెను. ఆలోగా తాళం తీయించవలెను. లెక్కకు తమరు స్వయంగా, లంక రేవు నుంచి పిల్లలతోపాటు పడవలోనే రావలెనని కోరిక. ఇందులోని కోపాన్ని కూడా మనవిగానే చిత్తగించవలెను.

తమ విధేయుడు,
నేతల సాలమోను,
విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, చినమెరక.

తా.క.: సంతకం చేశాక పోలమ్మ గుమ్మంలోకి వచ్చింది. "మేస్టారండీ, సోమవారం నుంచి పిల్లని పనిలోకి రమ్మన్నారండి. తవరి కాయితానికి తలుపు తెరుస్తారాండి?" అని అడిగింది. "ఆయ్, తెరుస్తారు" అన్నాను. ఆ మాటను అబద్ధం కానివ్వకండి. సోమవారం పడవ రేవు చేరేసరికి తాళం ఉంటే నేనే పగలగొడతాను. కేసు పెట్టుకోండి. పేరు, ఊరు పైన స్పష్టంగానే రాశాను.