చెంపదెబ్బకు సంజాయిషీ

మా షెడ్డు,
మార్చి 9, ఆదివారం.

బావగారికి,

మీ బావమరిది నమస్కారాలతో రాస్తున్నది. మేమంతా క్షేమం, మీ క్షేమం తెలుపగలరు అని మొదలుపెట్టడం మర్యాద. మీరూ క్షేమంగా లేరు, నేనూ లేను. ఆ సంగతి మన రెండు షెడ్ల మధ్యనున్న గోడకు కూడా తెలుసు. అందుకని ఆ వాక్యం వదిలేస్తున్నాను. ఇన్నేళ్లూ మిమ్మల్ని నోరారా 'నువ్వు' అన్నవాణ్ణి ఇప్పుడు 'మీరు' అంటున్నాను. గౌరవం పెరిగిందని మురిసిపోకండి. పరాయివాళ్లను అలాగే పిలుస్తాను.

నిన్న మధ్యాహ్నం అక్క వచ్చింది. నేనొక కిటికీ రెక్కకు చిత్రిక పడుతున్నాను. గుమ్మంలో నిలబడి, ముందు "అమ్మాయి ఎలా ఉందిరా" అని అడిగింది. తర్వాత చెంగుతో మొహం తుడుచుకుని మీ మాట చెప్పింది. నలుగురి ముందు కొట్టాడు కాబట్టి తప్పయిందని రాసివ్వాలి, దాన్ని ఆ నలుగురినీ పిలిచి చదివిస్తాను, అప్పటిదాకా మీ తమ్ముడి గడప తొక్కవద్దు అన్నారట. ఆంక్ష పెట్టిన మూడు నెలలకు అదే మొదటిసారి ఆవిడ నా గడప తొక్కడం. అదీ మీ పని మీద. "రాసి పడెయ్యరా, పోనీ. ఆయన సంగతి నీకు తెలియదా" అంది. తెలుసు కాబట్టే రాస్తున్నాను.

మీ సంగతి నాకు ఇరవై ఐదేళ్లుగా తెలుసు. నా పెళ్లిలో నా పక్కన నిలబడి, వచ్చినవాళ్లందరికీ నన్ను చూపిస్తూ, "మా బావమరిది మనిషి మొత్తం ఇంతే, మిగతా పావు ఇంకా రావాలి" అన్నారు. ఆ రోజు నుంచి నేను ముప్పావు మేస్త్రిని. పెళ్లికూతురు తలుపు చాటున విన్నది కూడా ఆ పేరే. ఇప్పటికీ కొత్తవాళ్లెవరైనా తలుపులు చేయించుకోవడానికి వస్తే వీధి మొదట్లో "ముప్పావు మేస్త్రి షెడ్డు ఎక్కడ" అని అడుగుతారు, పాపం అదే నా అసలు పేరనుకుని. నేను కిమ్మనలేదు. బావాబావమరుదుల మధ్య వేళాకోళం లేకపోతే అది చుట్టరికమే కాదన్నారు పెద్దలు. పైగా మీరు ఎదుటివాణ్ణి నవ్వించగలరు, అది ఒప్పుకుంటాను. అక్క గురక గురించి మీరు వచ్చిన ప్రతి చుట్టం ముందూ చేసే అభినయానికి అక్క కూడా నవ్వుతుంది. ఎప్పుడైనా ఆ నవ్వును పరీక్షగా చూశారా? పెదవులు మాత్రమే కదులుతాయి.

నా పొడుగు మీద ఎన్ని మాటలన్నా పడ్డాను. అది వేరు. మా అమ్మాయి వేరు.

డిసెంబరులో ఆ రోజు ఏం జరిగిందో మీరు ఊరంతా ఒక రకంగా చెప్పుకుంటున్నారు. "ఏదో నవ్వులాటకి ఒక్క మాటన్నాను, గొడ్డును బాదినట్టు బాదాడు" అని. చదివేది నలుగురి ముందు కదా, నా నోటి నుంచి కూడా విననివ్వండి.

అమ్మాయికి బడిలో టీచరు ఉద్యోగం వచ్చిందని పదిమందిని టీకి పిలిచాం. ఇరవైమంది వచ్చారు. కుర్చీలు చాలక నా షెడ్డులోంచి రెండు బల్లలు మోసుకొచ్చి వేశాను. రెండు మాటలు మాట్లాడతానని అమ్మాయే అడిగింది. ఎవరూ బలవంతపెట్టలేదు. ఆరో ఏట నుంచి నత్తి ఉన్న పిల్ల, ఫోనులో 'హలో' అనడానికి కూడా జంకిన పిల్ల, ఇరవైమంది ముందు నిలబడతానంది. ఎనిమిది రోజులు గది తలుపు వేసుకుని అభ్యాసం చేసింది. వాళ్లమ్మ తలుపుకు చెవి ఆనించి వినేది. నేను విననట్టు నటించేవాణ్ణి.

కుర్చీ వీపు పట్టుకుని నిలబడింది. అమ్మ గురించి చెప్పింది. ఎక్కడా ఆగలేదు. తనకు లెక్కలు నేర్పిన కాలేజీ మేడమ్ గురించి చెప్పింది. ఒక్కచోట తడబడి సర్దుకుంది. తర్వాత "మా నాన్న" అనబోయింది. 'మా' వచ్చింది. 'నా' దగ్గర ఆగిపోయింది. అలా ఆగినప్పుడు తనకు కళ్లు మూతపడతాయి, గడ్డం కొంచెం పైకి లేస్తుంది. మా ఇంట్లో ఆ మాట వచ్చేదాకా ఊరుకుంటాం. దానికి పట్టేది రెండు మూడు క్షణాలే.

మీరు ఆ రెండు మూడు క్షణాలు కూడా ఆగలేదు. కాలు మీద కాలు వేసుకుని, చేతిలో టీ కప్పుతో, "బండి స్టార్టవట్లేదర్రా, ఎవరైనా దిగి తొయ్యండి!" అన్నారు.

గది మొత్తం నవ్వింది. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది. కలప అడితి యజమానికి టీ పొలమారింది. మీ షెడ్డు పనివాళ్లిద్దరూ ఒకళ్ల భుజం ఒకళ్లు చరుచుకున్నారు. వీధి చివర పోస్టుమాన్ గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వారు. నవ్వనివాళ్లు ముగ్గురే. నేల చూస్తూ కూర్చున్న ఆ మేడమ్, వంటింటి గుమ్మంలో పళ్లెంతో నిలబడిపోయిన నా భార్య, గోడ పక్కనున్న అక్క. అప్పుడు కొట్టాను. ముప్పై ఏళ్లు రంపం లాగిన చెయ్యి. దాని బరువెంతో నాకే తెలియదు, అంతకుముందు ఏ మనిషి మీదా వెయ్యలేదు కాబట్టి.

మీరు కుర్చీతో సహా పడ్డారు. కప్పు పగిలింది. చెయ్యి ఎడమ చెవి మీద పెట్టుకుని, "ఏరా, నన్నా!" అన్నారు. ఆ తర్వాత మిమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్లారు. రెండు మాటలు చెప్పబోయిన అమ్మాయిని ఆ గదిలో ఎవరూ తిరిగి చూడలేదు.

ఇక మీ వాదనలు. అక్క ద్వారా, పనివాళ్ల ద్వారా, అడితి యజమాని ద్వారా అన్నీ నాకు అందాయి.

మాటకు మాటే జవాబు, చెయ్యి కాదు అంటున్నారు. నిజమే. కానీ ఆ మాట పడిన మనిషి నోట మాట ఆగిపోయి మీ ముందు నిలబడి ఉంది బావగారూ. ఆమె నోరు ఆగిన క్షణం చూసి, ఎంచి మరీ అన్నారు. కాళ్లు కట్టేసినవాడితో పరుగు పందెం పెట్టుకుని గెలిచానంటే ఎలా?

మేనకోడలితో ఆ మాత్రం చనువు మామయ్యకు లేదా అంటున్నారు. ఉంది. చనువున్నవాడు గోడ అవతలే ఉన్నాడు కదా, ఈ ఇరవై మూడేళ్లలో ఒక్కసారి, ఒక్క వాక్యం, ఆమె పూర్తి చేసేదాకా విన్నారా? సగంలో అందుకుని మీరే పూర్తి చేసేవారు. అదీ తప్పుగా.

కాలు జారితే తీసుకోగలం, నోరు జారితే తీసుకోలేం అన్న సామెత నేను ఎత్తుతున్నాననుకోకండి, అది మీ పెద్ద పనివాడే మీ ముందు అన్నాడట. మీరేమో "మరి చెయ్యి జారితే?" అన్నారట. ఆ ప్రశ్న న్యాయమైనది. అది నన్ను మూడు నెలలుగా కొరుక్కు తింటోంది. అందుకే ఇంత రాస్తున్నాను.

ఆ సాయంత్రం అందరూ వెళ్లిపోయాక అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. కౌగిలించుకుంటుందేమో అనుకున్నాను, అంత వెర్రివాణ్ణి. తను మాట్లాడినట్టు ఇక్కడ రాయను, అక్షరాలను విరగ్గొట్టి చూపించడం మీ పని. చెప్పిందేమిటంటే, ఇలాంటి జోకులు తను ఆరో తరగతి నుంచీ వింటోందట, ఒక్కొక్కదానికీ జవాబు సిద్ధంగా పెట్టుకుంటుందట. "మామయ్యకు చెప్పాల్సింది నాలుక చివరిదాకా వచ్చింది నాన్నా. 'మీ షెడ్డులో బాగుపడి వెళ్లిన బండ్లకన్నా నేను నయం మామయ్యా, నేను ఆగినా మళ్లీ కదులుతాను' అందామనుకున్నాను. ఇంకో మూడు క్షణాల్లో అనేదాన్ని. మీరు అననివ్వలేదు. ఆయన నా మాటను ఆపలేదు, మీరు ఆపారు" అంది. ఆ తర్వాత గదిలోకి వెళ్లిపోయింది. అప్పటినుంచి అన్నం వడ్డించనా, తాళం ఎక్కడ, ఇలాంటివే మా మధ్య మాటలు.

జనవరిలో బడిలో చేరింది. రెండో రోజే ఎనిమిదో తరగతిలో ఎవడో వెనక బెంచీలోంచి ఆమెను అనుకరించాడట. పిల్లలంతా నవ్వారట. ఈ సంగతి ఆమె వాళ్లమ్మకు చెబితే నేను పక్కగదిలోంచి విన్నాను. తను ఆగిపోయిన మాటను బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసి, చేతులు కట్టుకుని నిలబడిందట, నవ్వు దానంతటది అయిపోయేదాకా. తర్వాత ఆ మాటను నోటితో అని, పాఠంలోకి వెళ్లిందట. ఎవరినీ కొట్టలేదు. బయటికి పొమ్మని కూడా అనలేదు. ముప్పై ఎనిమిదిమంది పిల్లలు. నాకు ఒక్క బావను భరించడం చేతకాలేదు.

ఇప్పుడు మీ చెవి. కర్ణభేరి చిరిగిందని, కన్నం పూడినా వినికిడి మునుపటంత రాదని డాక్టరు చెప్పినట్టు అక్క చెప్పింది. పొడుగాటి స్క్రూడ్రైవరు ఒక కొస ఇంజనుకు ఆనించి, రెండో కొస ఎడమ చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని రోగం చెప్పేవారు. ఈ వీధిలో మిమ్మల్ని ఇంజను డాక్టరు అని ఊరికే అనలేదు. ఇప్పుడు కుడి చెవితో ప్రయత్నిస్తున్నారు. నాకెలా తెలుసంటే, గోడ ఇవతల నాకు వినిపిస్తుంది. ఒకే బండిని ఆపడం, మళ్లీ స్టార్టు చెయ్యడం, మళ్లీ ఆపడం. మునుపు ఒక్కసారితో తేల్చేవారు. మొన్న బుధవారం ఒక బండిని తొమ్మిదిసార్లు స్టార్టు చేశారు. నేను ఉలి కింద పెట్టి కూర్చున్నాను.

అందుకే ఇది రాసిస్తున్నాను. మీ చెవి చెడగొట్టినందుకు నన్ను క్షమించండి. పనిచేసుకు బతికేవాడి పనిముట్టు విరగ్గొట్టినవాణ్ణి నేను. ఈ వాక్యాన్ని అడితి యజమాని చేత రెండుసార్లు చదివించుకోండి, అభ్యంతరం లేదు. దెబ్బకు మాత్రం క్షమాపణ చెప్పను. ఆ మాట అన్న నోటికి ఆ దెబ్బ తగినదేనని నా నమ్మకం. మీరు అమ్మాయి ఎదురుగా కూర్చుని ఆమె చెప్పేది చివరిదాకా విన్న రోజున ఆ సంగతి మళ్లీ మాట్లాడుకుందాం.

అక్కను రానివ్వండి. ఆవిడ ఏ జోకూ వెయ్యలేదు, ఎవరినీ కొట్టలేదు.

ఇట్లు,
మీ బావమరిది,
మీరు పెట్టిన పేరుతో చెప్పాలంటే ముప్పావు మేస్త్రి.

తా.క. ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని మీ గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగాను. పైన రాసినదాంట్లో ఒక అబద్ధం ఉంది బావా. చదివించేటప్పుడు ఇది కూడా చదివించు.

నవ్వినవాళ్ల పేర్లు రాశాను కదా. మొదట నవ్వింది వాళ్లెవరూ కాదు, నేను. నువ్వు ఆ మాట అనగానే, అర క్షణం కూడా పట్టలేదు, నోరంతా తెరిచి నవ్వాను. నువ్వు జోకు వేస్తే నవ్వడం ఇరవై ఐదేళ్లుగా నాకు అలవాటైపోయింది. పైగా అది బాగా పేలింది, ఏం చెప్పను. తండ్రే నవ్వుతున్నాడు కదా అని మిగతావాళ్లు నవ్వారు. నేను నవ్వకపోతే అడితి యజమాని నవ్వే మనిషి కాదు.

అమ్మాయి కళ్లు తెరిచింది. నీ వైపు చూడలేదు. నా వైపు చూసింది. నా నోరు ఇంకా మూతపడలేదు. ఆ చూపుకు ఎటు పోవాలో తెలియక చెయ్యి లేచింది. పక్కన నువ్వు ఉన్నావు. నీ జోకుకు కోపం వచ్చి నిన్ను కొట్టలేదు. నేను నవ్వలేదని అందరూ అనుకోవాలని కొట్టాను. అనుకున్నారు కూడా. ఆ దెబ్బ చప్పుడులో నా నవ్వు అందరూ మరిచిపోయారు, చివరికి నువ్వు కూడా. కాబట్టి దెబ్బకు కూడా క్షమాపణ. నువ్వంటే నాకు ఇంకా కోపమే, అది వేరే సంగతి.

ఒక్క అమ్మాయికే గుర్తుంది. మూడు నెలలైనా వాళ్లమ్మకు కూడా చెప్పలేదు. నన్ను కాపాడుతోందో, శిక్షిస్తోందో అడిగే ధైర్యం నాకింకా రాలేదు.