వీసా అక్కర్లేని ఫోటో

అన్నా,

ఇంట్లో నీ సంవత్సరీకం ముగించుకొని మధ్యాహ్నం స్టూడియో తెరిచాను. నాగల్‌గిద్ద నుంచి కందుల వ్యాపారి శివప్ప తన భార్యను తీసుకొని వచ్చాడు. మలేషియా పోతున్నారట.

"వీసా అక్కర్లేదంటుండ్రు. ఫోటో అయితే దిగుతం. ఆడ అడిగితే ఎట్ల?" అన్నాడు. వీసా లేకపోయినా ఫోన్‌లో ఏదో ఫారం నింపాలట, తిరుగు టికెట్ చూపించాలట. "గట్లయితే వీసా లేనట్టా, ఉన్నట్టా? మీ అన్న ఉంటే చెప్తుండె."

నాకేం తెలుసు? తెల్ల పరదా ముందు కూర్చోబెట్టి ఫోటోలు తీశాను. వీసా కోసం దిగినవాళ్లందరి ఫోటోలు నువ్వు అతికించిన గోడకు, అలవాటుగా వీళ్లదీ ఒక కాపీ అతికించాను. వీసా వచ్చిందని చూపించిన రోజు దాన్ని ఊడదీసి వాళ్ల చేతిలో పెట్టేవాడివి కదా. మరి వీసానే లేనివాళ్లది ఎప్పుడు తీయాలి? పోయేటప్పుడా, వచ్చాకా?

శివప్పనే అడిగాను. "నన్నడుగుతవేంది? మీ గోడ, మీ ఇష్టం!" అని నవ్వుకుంటూ పోయాడు.

పై వరుసలో నీ ఫోటో కూడా ఉంది. ఆ మలేషియా పోదామనే ఈ ఫోటో దిగావు, వీసా రాలేదు. ఊరందరి ఫోటోలు తీసినవాడివి, నీది మాత్రం ఇంకొకటి దొరకలేదు. ఇంట్లో దండ వేసిన పటం కూడా దీన్నే పెద్దది చేయించి పెట్టినది.

ఇప్పుడు అక్కడికి వీసా అక్కర్లేదట అన్నా. ఊడదీద్దామని అంచున గోరు పెట్టాను. తీసి ఎవరి చేతిలో పెట్టాలో తెలియక, మళ్లీ గట్టిగా ఒత్తి అతికించాను.